టీచర్ కడగలేదన్న గ్లాసు

నా చిన్నప్పుడు మెదక్‌లో మా ఇంటిని ఎవరూ ఇంటిపేరుతో పిలిచేవారు కాదు. పాలోళ్ల ఇల్లు అనేవారు. రెండు బర్రెలు, ఒక సైకిలు, దానికి చెరోపక్క వేలాడే క్యాన్లు, అంతే మా ఆస్తి. ఆ మాత్రానికే నా కాళ్లు నేల మీద నిలిచేవి కావు. ఎవరింట్లో చాయ్ బాగున్నా అది మా పాల మహిమేనని చెప్పందే నాకు పొద్దుపోయేది కాదు.

ఆపా అని, అంటే అక్కా అని, మేం పిలిచే పక్కింటామెకు సాయంత్రం పాలచెంబు నేనే తీసుకెళ్లేదాన్ని. కాన్పయ్యాక జ్వరం పట్టి ఆమెకు పాలు పడలేదు. పసివాడు మా పాల మీదే బతుకుతున్నాడు. వాడు మాత్రం ఎంతకీ ఒళ్లు చేసేవాడు కాదు, కాళ్లు పుల్లల్లాగే ఉండేవి. అయినా చెంబు అందుకుంటూ ఆపా, "మీ పాలే వీని పానం బిడ్డా" అనేది. నేను పొంగిపోయి ఇంటికొచ్చేదాన్ని.

ఎండలు ముదురుతున్న రోజుల్లో మా సైన్సు టీచర్, ఇంట్లో తినేవి తాగేవి తలా కొంచెం తెమ్మన్నారు. ఒకరు అన్నం, ఒకరు ఆలుగడ్డ, ఒకరు జొన్నరొట్టె ముక్క, ఒకరు బెల్లం తెచ్చారు. నేనేం తీసుకెళ్తాను, పాలే. అదీ అమ్మ ఇంటికోసం విడిగా తీసిపెట్టిన గిన్నెలోవి కాదు, నాయిన ఊళ్లో పోసే క్యాన్‌లోవి. పదిమంది తాగే పాలు కదా, అవే మేలైనవై ఉంటాయని నా తెలివి.

పిండిపదార్థమంటే చక్కెర పూసలను బారుగా గుచ్చిన దండ లాంటిదని టీచర్ చెప్పారు. ఆ దండ మెలికలు తిరిగి ఉంటుందట. అయోడిన్ చుక్క వేస్తే ఆ మెలికల్లో దూరి నీలం రంగు చూపిస్తుందట. మనం తిన్నాక కడుపు ఆ దండను తెంపి, పూసలు విడదీసి ఒంటికి సత్తువ ఇస్తుందట. జొన్నరొట్టె ముక్కను మింగకుండా నమిలి చూడమన్నారు. నమలగా నమలగా నోరు తియ్యబడింది. నోట్లోనే దండ తెగడం మొదలైందని అన్నారు. పాలలోనూ చక్కెర ఉంది కానీ అది రెండే పూసలు, మెలికలు ఉండవు, కాబట్టి పాలు నీలం కావని కూడా ముందే చెప్పారు.

అన్నం ముదురు నీలమై నల్లబడింది. ఆలుగడ్డ నల్లబడింది. బెల్లం నీళ్లకు ఏమీ కాలేదు. నా వంతు వచ్చింది. టీచర్ చెప్పినట్టు గ్లాసు కుళాయి కింద బాగా తోమి కడిగి, పాలు పోసి బల్ల మీద పెట్టాను. చుక్క పడింది. పాలు నీలంగా మారాయి.

క్లాసంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. టీచర్ ఆ గ్లాసు వైపు, తర్వాత నా వైపు చూశారు. "అయ్యో, తప్పు నాదే. పొద్దుగాల గీ గ్లాసుల గంజి పోసిన, కడగకనే ఇచ్చిన" అన్నారు. ఎవరో మళ్లీ చేసి చూద్దామన్నారు. "చాలు, గంటైంది, పోండ్రి" అని అందర్నీ పంపేశారు. గంట ఇంకా కొట్టనే లేదు.

నన్ను మాత్రం ఆపి, "మీ నాయినకు చెప్పు బిడ్డా, టీచర్ గ్లాసు కడగలే, గందుకే పాలు నీలమైనయని. గిట్లనే చెప్పు" అన్నారు. తలెత్తలేకపోయాను. గ్లాసు కడిగింది నేను. అది ఆమెకూ తెలుసు.

ఇంటికి నడుస్తుంటే ఒక్కొక్కటే గుర్తొచ్చింది. తెల్లవారుజామున నాయిన గంజిని బట్టలో వడగట్టడం చాలాసార్లు చూశాను, కుడితిలోకనుకున్నాను. ఎండలకు బర్రెలు పాలు తగ్గించాయి, వాడికగా పాలు పోయించుకునే ఇళ్లు మాత్రం తగ్గలేదు. బస్టాండు దగ్గరి హోటలాయన పాలలో గాజు కడ్డీ వేసి చూసేవాడు. నీళ్లు కలిస్తే కడ్డీ లోతుకు మునుగుతుంది. గంజి పోస్తే మళ్లీ తేలుతుంది. ఆపా కొడుకు కాళ్లు కళ్ల ముందు కదిలాయి. ఆ చెంబు రోజూ మోసింది నా చేతులే.

నాయిన బర్రె పితుకుతున్నాడు. చెప్పమన్నది చెప్పినట్టే చెప్పాను.

"అందరి ముంగటనా?" అన్నాడు.

"ఆఁ."

కాసేపు పితికి, నా వైపు తిరక్కుండానే అడిగాడు. "గ్లాసు నువ్వు కడగలేదా బిడ్డా?"

"కడిగిన నాయినా."

చేతులు ఆగిపోయాయి. పాలు పడే చప్పుడు ఆగిందేమని బర్రె కూడా తల తిప్పి చూసింది. ఆపా కోసం క్యాన్‌లోంచి నింపి ఉంచిన చెంబును నాయిన తీసుకుని కుడితి తొట్లో వంచేశాడు. కడిగి, అందులోకే మళ్లీ పితికాడు. నా చేతికివ్వకుండా తనే పట్టుకెళ్లాడు. గోడ అవతల ఆపా గొంతు వినబడింది. "ఏంది చాచా, నువ్వొచ్చినవ్? బిడ్డకు పానం మంచిగ లేదా?"

"దానికి మంచిగనే ఉందమ్మా. నాకే మంచిగ లేదు."

మర్నాటి నుంచి హోటలుకు పాలు మానేసి, పితికినవి పితికినట్టే ఇళ్లకు పోశాడు, హోటలాయనకు బర్రెలు ఎండిపోయాయని చెప్పాడు. నెలలు గడిచే కొద్దీ ఆపా కొడుకు కాళ్లకు కండ పట్టింది. కానీ నాయిన నాతో మాట్లాడేటప్పుడు కళ్లు పక్కకు తిప్పుకునేవాడు, నేను పెళ్లయి వెళ్లేదాకా అంతే. చెడ్డవాడు కాదు. కన్నకూతురి ముందు తల దించుకున్న తండ్రిని చూడటం ఎంత సిగ్గో, చూసినవాళ్లకే తెలుసు. ఆ సిగ్గు నన్నింకా వదల్లేదు.

అందుకే ఇన్నేళ్లుగా ఎవరి తప్పు నా చేతికి చిక్కినా, నోరు తెరిచే ముందు చుట్టూ చూస్తాను, వాళ్ల పిల్లలు దగ్గర్లో ఉన్నారేమోనని.