కావల్లనే చెడిన కారు

నంద్యాల హైస్కూల్లో లెక్కలు చెప్పే రామానుజం అయ్యవారు జీవితంలో ఒక్క పొరపాటు కూడా చేయలేదు. ఈ సంగతి ఊళ్ళో అందరికీ ఆయనే చెప్పాడు. ఆయన చేతిలో విరిగినవీ, చెడినవీ, తగలబడినవీ చాలానే ఉన్నాయి గానీ అవేవీ పొరపాట్లు కావు. "కావల్లనే చేసినా" అనేవాడు. ఆ మాట అనేటప్పుడు గొంతు తడబడదు, చూపు పక్కకు పోదు. నెత్తిమీద పెంకులు రాలుతున్నా, రాలమని తానే చెప్పినట్టు నిలబడేవాడు.

అహోబిలం నుంచి కాపురానికి వచ్చిన ఆయన భార్య కమలవల్లికి ఈ గుణం పెళ్ళిపీటల మీదే తెలిసింది. తలంబ్రాలు పోయమంటే ఆయన దోసిలి గురితప్పి పురోహితుడి నెత్తిన పోశాడు. పందిరంతా గొల్లుమంది. పెళ్ళికొడుకు మాత్రం తొణకలేదు.

"పాపం, దినామూ ఎవురెవురికో పెండ్లి చేస్తాడు. ఆయనకు ఎవురు పోస్తారు? కావల్లనే పోసినా."

పురోహితుడు కళ్ళు తుడుచుకున్నాడు. ఆ మాటకో, కంట్లో బియ్యం పడ్డందుకో ఎవరికీ తెలియలేదు.

తర్వాత తర్వాత కమలవల్లికి అలవాటైపోయింది. ఆళ్ళగడ్డ బస్సు అనుకుని ఆత్మకూరు బస్సెక్కి సాయంత్రానికి ఇల్లు చేరిన రోజున, "అడివి గాలి పీల్చి శానా దినాలైంది, కావల్లనే ఎక్కినా" అన్నాడు. నల్లబల్ల మీద లెక్క తప్పితే, "ఎవుడు పట్టుకుంటాడో చూద్దామని" అన్నాడు. ఈ ఒక్కటి మాత్రం నిజమే కావచ్చునని కమలవల్లి అనుకునేది. ఎందుకంటే ఆయనకు లెక్కలు బాగానే వచ్చు. రానివి తక్కినవన్నీ.

ఆ తక్కినవాటిలో కారు నడపడం ఒకటి. అయినా డెబ్బై తొమ్మిదిలో, పెట్రోలు ధర మండిపోతున్న రోజుల్లో, ఆయన ఒక ముసలి అంబాసిడర్ కారు కొన్నాడు. అది ఎన్నో చేతులు మారి, ఆఖరికి ఎవరికీ అక్కర్లేక ఆయన చేతికి చిక్కింది. తాగే పెట్రోలుకు తగ్గట్టు పొగ మాత్రం దండిగా ఇచ్చేది. కొన్న వారానికే శిరివెళ్ళ దగ్గర నడిరోడ్డు మీద ఊపిరి వదిలింది. ఎద్దులను కట్టి ఇంటికి లాక్కొస్తుంటే, రామానుజం స్టీరింగు వెనక రథం మీద దేవుడిలా కూర్చుని వీధిలోకి వచ్చాడు.

"ఏమైందండీ?" అంది కమలవల్లి గుమ్మంలోంచి.

"ఏమీ కాలే. కావల్లనే ఆపినా. దీనికి డీజిలు ఇంజను ఏస్తాండా."

"ఎవురు ఏస్తారు?"

"నేనే. మన పెరట్లోనే."

కమలవల్లి ఎద్దులకు కుడితి పెట్టించి లోపలికి వెళ్ళిపోయింది. వాటితో మాట్లాడితేనైనా ప్రయోజనం ఉంటుందని ఆమెకు అనిపించింది.

ఇంజను ఆళ్ళగడ్డలో దొరికింది. అక్కడ ఓబయ్య అనే ఆయన ప్యాసింజరు వ్యాను నడిపేవాడు. మంచి చేయి. చాగలమర్రి రోడ్డులో అడ్డమొచ్చిన బర్రెను తప్పించబోయి చింతచెట్టుకు కొట్టాడు. జనానికి చిన్నచిన్న దెబ్బలతో పోయింది, బర్రె నడుచుకుంటూ పోయింది, వ్యాను మాత్రం నుజ్జయింది. ఇంజను ఒక్కటే మిగిలింది. ఆ రోజు నుంచి ఓబయ్య మళ్ళీ స్టీరింగు పట్టలేదు. శెనక్కాయల మిల్లులో మూటలు మోస్తున్నాడు. బస్టాండులో ఎవరైనా హారన్ కొడితే ఉలిక్కిపడుతున్నాడని ఆయన భార్య జీవమ్మ చెప్పుకుని బాధపడేది.

రామానుజం ఆ ఇంజను కొని, దాంతోపాటు ఒక షరతు కూడా పెట్టాడు.

"ఓబయ్యా, నువ్వే వచ్చి బిగియ్యల్ల."

"నేను డ్రైవర్ని గానీ మేస్త్రీని గాదు సామీ."

"నేను మాత్రం మేస్త్రీనా? ఇద్దరం సరిపోతాం రా."

అలా ఆదివారాలూ సెలవు రోజులూ ఓబయ్య బస్సులో నంద్యాల రావడం మొదలైంది.

మొదట పాత ఇంజను పైకి తీయాలి. పశువుల కొట్టం దూలానికి గొలుసు కట్టి, కప్పీ వేసి లాగారు. ఇంజను జానెడు లేచింది. దూలం ఫెళ్ళుమంది. ఇంజను కిందకీ, కొట్టం కప్పు ఇంజను మీదకీ దిగాయి. దుమ్ము అణిగాక చూస్తే పెంకుల మధ్య రామానుజం నిలబడి ఉన్నాడు, చెవి మీద ఒక పెంకు ముక్కతో.

పక్కింటి హన్నమ్మ గోడ మీదుగా తొంగిచూసింది. ఆమె ఆసుపత్రిలో నర్సు. ఈ ఇంట్లో చప్పుడు వినిపిస్తే దూది, అయోడిను తీసుకునే వచ్చేది.

"అయ్యవారూ, దెబ్బలేమైనా తగిల్నాయా?"

"లేదమ్మా. కొట్టం పాతబడింది, ఎట్లా పడగొట్టల్ల గదా. కావల్లనే దూలానికి కట్టినా."

ఓబయ్య చేతిలో గొలుసు పట్టుకుని రాయిలా నిలబడిపోయాడు. కమలవల్లి ఆ సంగతి అప్పుడు పట్టించుకోలేదు. కొట్టంలో ఉండాల్సిన ఆవును ఎక్కడ కట్టేయాలా అనే చింతలో ఉంది.

తర్వాత కొత్త ఇంజను లోపలికి దించారు. అది డీజిలు ఇంజను గదా, భారీ మనిషి. పట్టీలు అతికించి ఎలాగో కూర్చోబెట్టారు గానీ బానెట్టు మూతపడలేదు. రామానుజం బానెట్టుకు నడుమ పెద్ద కంత కోయించాడు. ఇంజను తల అందులోంచి బయటికి చూసేది.

"ఇంజనుకు గాలి ఆడల్ల" అన్నాడు.

"వాన పడితే?" అంది కమలవల్లి.

"నీళ్ళు గూడా కావల్ల గదా ఇంజనుకు!"

ఆ బరువుకు కారు ముందు భాగం కుంగిపోయి గడ్డి మేస్తున్న ఎద్దులా తయారైంది. లారీ కమానుపట్టీలు తెచ్చి ముందు వేశారు. ఈసారి మూతి లేచిపోయి, వానమబ్బు కోసం చూసే రైతులా అయింది. "ఎదురుగా గుంతలు కనపడితే భయమైతాది. ఆకాశం చూస్తా పోవచ్చు" అన్నాడు రామానుజం. ఇవి మాత్రం ఆయన సొంత ఘనకార్యాలే. ఇందులో ఇంకెవరి చేయీ లేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంజను మొదటిసారి మోగింది. వీధంతా వచ్చి చూసింది. కమలవల్లి కొబ్బరికాయ కొట్టింది. రామానుజం స్టీరింగు ముందు కూర్చుని, స్టీరింగు కిందున్న గేరు కడ్డీని దర్జాగా మొదటి గేరులోకి వేసి, ఎదురుగా వీధిగేటు వైపు చూస్తూ, "జరగండి, జరగండి!" అని కేకేశాడు. ముందున్న జనం జరిగారు. కారు వెనక్కి పోయింది. పెరటిగోడను కూల్చుకుని హన్నమ్మ వాకిట్లో, ఆమె ఆరేసిన తెల్లచీరల మధ్య ఆగింది.

హన్నమ్మ అన్నం కలుపుతున్న చేత్తోనే బయటికి వచ్చింది. చీర ఒకటి కారు కప్పు మీద ముసుగులా ఉంది. రామానుజం అద్దం దించాడు.

"హన్నమ్మా, ఇన్నేండ్లుగా పక్కపక్కన ఉండాం. మన మధ్య గోడెందుకు? కావల్లనే కొట్టినా."

"అట్లనా? మరి కావల్లనే ఎప్పుడు కట్టిస్తావు అయ్యవారూ?"

వీధి మొత్తం నవ్వింది. నవ్వనిది ఒక్క ఓబయ్యే. కారు పక్కన గొంతుకూర్చుని లోపలి గేరు రాడ్లను చూస్తున్నాడు. పైది కిందికీ, కిందిది పైకీ బిగించి ఉన్నాయి. అన్నం తినకుండానే బస్సుకు వెళ్ళిపోయాడు.

కమలవల్లి ఆ సాయంత్రం మొగుణ్ణి దులిపేసింది.

"కొట్టం పోయె, గోడ పోయె. ఇంగ ఈ ఇంట్లో పడేదానికి మనమిద్దరమే మిగిలినాం. ఒక్క తూరన్నా 'తప్పైంది' అంటే నోరు పడిపోతాదా?"

"తప్పైతే అనల్ల. కాకపోతే ఎట్లా అంటా?" అన్నాడాయన, తీరిగ్గా.

తర్వాతి శనివారం ఒంటిపూట బడి. ఓబయ్య వస్తాడో రాడో అనుకున్నారు గానీ, పొద్దున్నే వచ్చాడు. వాడిన నూనె వంపేసి కొత్తది పోయాలి. ఆ పని ఆయనకు అప్పగించి రామానుజం బడికి వెళ్ళాడు. కమలవల్లి వరండాలో కూర్చుని బియ్యం ఏరుతోంది. ఓబయ్య కారు కింద దూరి ఇంజను అడుగు బోల్టు విప్పాడు. నల్లనూనె అంతా బేసినులోకి దిగింది. తర్వాత లేచి కొత్త నూనె డబ్బా తెచ్చి పైనుంచి పోయడం మొదలుపెట్టాడు. మనిషి ఇక్కడే ఉన్నాడు, చూపు ఎక్కడో ఉంది. వీధిలో ఏదో లారీ హారన్ కొడితే భుజాలు ముడుచుకున్నాడు. డబ్బా ఖాళీ అయ్యాక కిందికి చూసుకుంటే, విప్పిన బోల్టు ఇంకా ఆయన జేబులోనే ఉంది. కొత్త నూనె మొత్తం బేసిను పొంగి, బంగారు రంగులో మెరుస్తూ, తులసికోట చుట్టూ పారుతోంది.

ఓబయ్య డబ్బా కింద పెట్టాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. చెప్పుల కోసం చూశాడు.

సరిగ్గా అప్పుడే రామానుజం గేటు తీసుకుని, "ఏమప్పా, అయిందా?" అంటూ వచ్చాడు. రెండడుగులు వేశాడు. మూడోది వేయకుండానే కారు దాకా వచ్చేశాడు, కూర్చున్న భంగిమలో. పంచె, చొక్కా, చేతిలో పిల్లల పరీక్ష పేపర్లు, అన్నీ నూనెలో మునిగాయి.

నూనెలో కూర్చునే ఆయన ఓబయ్య ముఖం చూశాడు. భుజం మీది తువ్వాలు చూశాడు.

"బాగా పారింది. కావల్లనే వదిలినా" అన్నాడు.

కమలవల్లి చేట కింద పెట్టేసింది. "మీరు బళ్ళో ఉండారు గదండీ! ఆడనుంచి ఎట్లా వదిల్నారు?"

"పొద్దున పోయేటప్పుడే చెప్పి పోయినా. కొత్త నూనె ఒక తూరి ఊరికే పోసి వదిలితే లోపలుండే చెత్తంతా పోతాదని. ఏం ఓబయ్యా, చెప్పలే?"

ఓబయ్య జేబులోని బోల్టు తీసి చేతిలో పట్టుకున్నాడు.

కమలవల్లి మొగుడి ముఖం వైపు చూసింది. పొద్దున ఆయన గేటు దాటేదాకా ఆమె అక్కడే ఉంది. ఆయన చెప్పింది ఒక్కటే: "మజ్జిగ ఉంటే ఓబయ్యకు ఇయ్యి." అప్పుడామెకు ఒక్కొక్కటీ తట్టింది. దూలానికి గొలుసు కట్టింది ఎవరో, గేరు రాడ్లు బిగించింది ఎవరో. ఇన్నేళ్ళు ఈ మనిషి గొప్పలకు పోతున్నాడనుకుంది. గొప్పలకు పోతున్న మాటా నిజమే. కానీ ఆ గొప్ప గొడుగంత వెడల్పుందని, దాని కింద ఇంకొక మనిషి నిలబడొచ్చని ఆమెకు తట్టలేదు.

"ఔనౌను," అంది నిదానంగా, "నాకు గూడా చెప్పి పోయినారు. నేనే మర్సిపోయినా. ఓబయ్యా, ఆ తువ్వాలు ఆడ పెట్టి కాళ్ళు కడుక్కో. సంగటి చేసినా."

రామానుజం ఆమె వైపు ఆశ్చర్యంగా చూశాడు. లేవబోయి మళ్ళీ జారాడు.

గోడ కట్టడం పూర్తయ్యాక, కారును ఆళ్ళగడ్డ దాకా నడిపి చూడాలని బయల్దేరారు. రామానుజం నడుపుతున్నాడు. పక్కన ఓబయ్య కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు. వెనక కమలవల్లి నరసింహస్వామిని తలుచుకుంటోంది. కారు ఎగిరింది, ఆగింది, దగ్గింది, మళ్ళీ ఎగిరింది. గేరు మార్చినప్పుడల్లా లోపల పళ్ళు నూరుతున్న చప్పుడు. శిరివెళ్ళ దాటాక ఎత్తు మీద మళ్ళీ ఆగిపోయింది. రామానుజం స్టార్టు చేసి క్లచ్చి వదిలాడు. ఇంజను గిలగిల్లాడి చచ్చింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ చచ్చింది.

ఓబయ్య కళ్ళు తెరిచాడు. ఆ ఇంజను ఆయనది. దాని ప్రతి దగ్గూ ఆయనకు తెలుసు.

"సామీ, క్లచ్చి నిదానంగా ఇడవండి."

మళ్ళీ గిలగిల.

"సామీ!"

ఈసారి లోపలినుంచి కర్రుమంటూ ఒక భయంకరమైన కేక వచ్చింది.

"దిగండి సామీ!" అని అరిచాడు ఓబయ్య. "ఏం మనిషివయ్యా నువ్వు, దాన్ని సంపుతాండావు! దిగు ఈడనుంచి!"

రామానుజం బుద్ధిగా దిగి వెనక సీట్లోకి వచ్చాడు. ఓబయ్య కోపంలోనే స్టీరింగు వైపు జరిగాడు, కోపంలోనే స్టార్టు చేశాడు, కోపంలోనే ఎత్తు ఎక్కించాడు. కోపం చల్లారేసరికి కారు మూడో గేరులో పోతోంది, ఆయన చేతులు స్టీరింగు మీద నిమ్మళంగా ఉన్నాయి. ఎదురుగా బర్రెల మంద వస్తే నెమ్మది చేసి, హారన్ కొట్టి, దారి చేసుకుని పోయాడు.

కమలవల్లి మొగుడి చెవి దగ్గరికి వంగింది. "కావల్లనే ఆపినారు గదా?"

రామానుజం ముఖం మొదటిసారి ఎర్రబడింది. "లేదే కమలా," అన్నాడు గుసగుసగా, "నిజంగానే నాకు రాలే."

ఆమె నమ్మలేదు.

ఆళ్ళగడ్డ బస్టాండులో జీవమ్మ గంపతో నిలబడి ఉంది. మూతి పైకెత్తి, నెత్తిన కంతతో వస్తున్న ఆ వింత కారును చూసి ముందు నవ్వింది. తర్వాత స్టీరింగు వెనక ఎవరున్నారో చూసింది. గంప దించేసి పరుగెత్తుకొచ్చి ముందు తలుపు తీసి, ఎవరినీ అడక్కుండా ఎక్కి కూర్చుంది.

"సామీ, అమ్మా, రోంతసేపు దిగండి. ఇంటికాడ అందరికీ చూపిచ్చుకోనొస్తాం."

కారు సొంతదార్లు ఇద్దరూ దిగి రోడ్డు పక్కన, జీవమ్మ వదిలేసిన నిమ్మకాయల గంపకు కాపలా నిలబడ్డారు. ఓబయ్య బస్టాండు చుట్టూ ఒక చుట్టు తిప్పి, హారన్ మోగిస్తూ బజారులోకి మళ్ళాడు. చప్పుడు దూరమవుతూ పోయింది. రామానుజం నోరు కొంచెం తెరుచుకుని అటే చూస్తున్నాడు.

"ఇప్పట్లో వచ్చేటట్టు లేరు" అంది కమలవల్లి.

"రాకుంటే ఏమైతాది?" అన్నాడు రామానుజం. "నంద్యాలకు బస్సుండాది గదా."