మా అక్క పెట్టిన మొదటి ముద్ద

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మా మనవరాలు ఫోన్ పట్టుకొచ్చి, ప్రాణహిత వరదకు ఇళ్లు విడిచి బడిలో తలదాచుకున్న వాళ్లకు మా చర్చి యువకులు సామాన్లు పంచిన ఫొటోలు చూపించింది. అందరూ ఒకే రంగు టీషర్టులు, వెనకాల బ్యానర్, చేతుల్లో బియ్యం సంచులు. బాగా చేశారమ్మా అన్నాను గానీ, నా మనసు ఎప్పటిలాగే మా అక్క మీదికి పోయింది. ఈ వయసులో ఇదేం బుద్ధి అంటారేమో; మీకూ ఒక అక్క ఉండి, ఆమెను నలుగురూ మెచ్చుకుంటుంటే వింటూ పెరిగి ఉంటే ఆ మాట అనరు.

మేం కాగజ్‌నగర్‌లో చదువుకునే రోజుల్లో, తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకులకు ఊరి అవతల అడవి కొట్టి క్యాంపులు వేశారు. మా యువజన సంఘం వారానికోసారి అక్కడికి పోయేది. మా మిషను ఇళ్లలో పిడికెడు బియ్యం ఆనవాయితీ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఎసరు పెట్టిన ప్రతిసారీ అవ్వ ఒక పిడికెడు తీసి దేవుని కుండలో వేసేది. ఇల్లిల్లూ తిరిగి ఆ కుండలన్నీ సంచిలోకి వంచుకొచ్చే పని నాది. ఎండనక వాననక తిరిగేదాన్ని, మోసి మోసి భుజం వాచేది. మా అక్క మాత్రం వట్టి చేతులతో వచ్చి, క్యాంపులో ఒక ముసలమ్మ చాప మీద చతికిలబడి, ఆమె చేత తల దువ్వించుకుంటూ, వాళ్ల మాటలు నేర్చుకుంటూ, వాళ్లు పెట్టిన చేపల కూర తింటూ కూర్చునేది. నాకు ఒళ్లు మండిపోయేది.

ఒకనాడు తిరిగి వస్తూ అక్క నెమ్మదిగా అన్నది, "చెల్లే, నువ్వు తెచ్చే బియ్యం సగం జావైతున్నయి, సగం ఉడుకుతనే లెవ్వు. జర వేర్వేరు సంచులల్ల తెస్తే మంచిగుంటది." పాతవి, కొత్తవి, దొడ్డువి, సన్నవి అన్నీ నేను ఒకే సంచిలో పోసేదాన్ని మరి, కానుక బియ్యం ఎట్లా వస్తే అట్లా ఇవ్వాలనుకున్నాను. పొరపాటు జరిగిందన్న బాధ కన్నా, అది అక్కకు తెలిసిందన్న ఉక్రోషంతో ఆ పూట నేను అన్నం తినలేదు.

తరువాత ఆ ముసలమ్మ కూతురికి కొడుకు పుట్టాడు. పిల్లవాడికి అన్నం ముట్టించే రోజున మొదటి ముద్ద మేనమామ పెట్టాలట. ఆ మేనమామేమో సరిహద్దు దాటేటప్పుడే తప్పిపోయాడు. అందుకని మాలో ఒకరి చేత పెట్టిస్తానని ముసలమ్మ కబురు చేసింది. ఆ ఒకరు నేనే కావాలని ఎంత ఆశపడ్డానో చెప్పలేను. చెన్నూరులో మా మేనత్త దగ్గరికి పోయి పాత సన్నబియ్యం అడిగి తెచ్చాను, రాయి, వడ్లగింజ లేకుండా ఏరాను, ఉన్నవాటిలో మంచి ఓణీ వేసుకున్నాను. అన్నం మెత్తగా, ఒక్క తీరుగా ఉడికింది. ముసలమ్మ గిన్నె పట్టుకుని మా వైపు చూస్తే నేను ముందుకు కదిలాను కూడా. "మామ లేడు, మాసీ ఉన్నది," అని వచ్చీరాని తెలుగులో చెప్పి, ఆమె గిన్నె మా అక్క చేతిలో పెట్టింది. మాసీ అంటే వాళ్లలో తల్లి తోబుట్టువు. అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను గానీ, వాడు ఆ ముద్ద ఉమ్మేస్తే బాగుండునని లోలోపల ప్రార్థించాను. వాడు చప్పరించి ఇంకో ముద్దకు నోరు తెరిచాడు.

ఆ పసివాడికిప్పుడు కాగజ్‌నగర్‌లో మిఠాయి దుకాణం ఉంది. క్రిస్మస్‌కు చేపలు పట్టుకుని అక్క ఉండే ఊరి దాకా పోయి, మాసీ అని కాళ్లు మొక్కి వస్తాడు. బజారులో నేను కనబడితే లేచి నిలబడి, మేడమ్ అని కుర్చీ వేస్తాడు. ఆ మర్యాద నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

మనవరాలు ఆ ఫొటోలను నా ఫోన్‌కు పంపి పోయాక, వాటిని మళ్లీ మొదటి నుంచి చూశాను. ఇప్పుడు దేవుని కుండలు లేవు, చందాలు ఫోన్లోనే వస్తాయి, దుకాణం నుంచి ఒకే రకం బియ్యం నేరుగా దిగుతాయి, అన్నానికి ఏ వంకా ఉండదు. పొద్దున వ్యాన్ దిగి, పంచి, మధ్యాహ్నానికల్లా ఇళ్లు చేరారట. అందరూ నాలాంటి వాళ్లే, పనిమంతులు. ఎవరి పక్కనైనా తీరిగ్గా కూర్చుని, వాళ్లు పెట్టింది తింటూ నవ్వుతున్న పిల్ల కనబడుతుందేమోనని కళ్లద్దాలు తుడుచుకుని మరీ వెతికాను. చూసి కుళ్లుకోవడానికైనా ఒక్కతె లేదు.