దిగుడుబావి మీద నాయన రాసిన ఇంగ్లీషు వ్యాసం

మా మనవరాలు సిరా పెన్నుతో రాస్తుంది, బడిలో అదే నియమమట. మొన్న సాయంత్రం అది సిరా బుడ్డి మూత తియ్యగానే తుప్పులాంటి ఆ వాసన ముక్కుకు తగిలి, వలుస్తున్న చిక్కుడుకాయలు వదిలేసి అట్లాగే కూర్చుండిపోయాను. ఇంగ్లీషు పరీక్షలో పత్రికకు వ్యాసం రాయమంటారట. దానికొక గైడు, గైడులో ఒక పద్ధతి: మొదటి వాక్యంలోనే కంటికి ఏదో కనబడాలి, ఊళ్లో ఎవరిదో ఒకరి మాట వినబడాలి, చివరికి మళ్లీ మొదటికి రావాలి. "నీళ్ల కరువు మీద రాయాలవ్వా, ఒక ముసలామె మాట కావాల, నువ్వు చెప్పు" అంది. ఈ పద్ధతంతా నాకు ఏడేళ్లకే తెలుసు. దానివల్ల మా ఇంట్లో బాగుపడినవాళ్లు మాత్రం లేరు.

ఆళ్లగడ్డకూ రుద్రవరానికీ నడుమ మా ఊరు. నాయన ఊరి బళ్లో అయ్యవారు. సేద్యగాళ్ల ఇంట పుట్టి బలపం పట్టాడని పెదనాయనలు ఆటపట్టించేవాళ్లు. ఎస్సెల్సీలో అన్నీ గట్టెక్కి ఇంగ్లీషు ఒక్కటే తప్పాడు. అది పాసైతేనే ట్రైనింగుకు పంపుతారు, ట్రైనింగు అయితేనే ఉద్యోగం నిలుస్తుంది. అందుకని ఏటా ఎండలు ముదిరేవేళకు నంద్యాలకు పోయి ఆ ఒక్క పరీక్ష రాసి వచ్చేవాడు. ఉగాదికి ముందో వెనకో వచ్చే ఆ పరీక్ష మాకు రెండో పండుగ. అమ్మ శనగబేడలు ఉడకబెట్టి, బెల్లం వేసి రుబ్బి, ఓళిగలు కాల్చి నెయ్యి రాసి మోదుగాకుల్లో చుట్టి ఇస్తుంటే, నేనూ అక్క నాగమ్మా పొయ్యి దగ్గరనుంచి కదిలేవాళ్లం కాదు. తిరిగొచ్చేటప్పుడు ఆయన సంచిలో బొరుగులూ పుట్నాలూ, చొక్కా నిండా బస్సు దుమ్మూ ఉండేవి. ఆ తర్వాత కొన్నాళ్లకు తప్పాడన్న కబురు వచ్చేది, అమ్మ జొన్నరొట్టెలు కొట్టేది.

నాయన ఎందుకు తప్పుతున్నాడో నాకు నంద్యాలలోనే తెలిసింది. అక్కడ బడి మాని ఇంటి దగ్గరే ఉన్న ఒక ముసలి ఇంగ్లీషు సారుకు నాయన తన వ్యాసాలు చూపించుకునేవాడు. ఒకసారి నన్నూ వెంట తీసుకుపోయాడు. సారు కళ్లద్దాలు నుదుటిమీదికి తోసి, కాగితం ఒళ్లో పెట్టుకుని నిట్టూర్చాడు.

"ఇది అర్జీ కదప్పా. వ్యాసం అడిగితే మళ్లా అర్జీ రాస్తివే. నీ ఊరు కండ్లకు కట్టేటట్ల చెప్పి ఊరుకో. సదివేటాయన్ను ఏమీ అడగొద్దు."

"పెద్దాఫీసరు ముందరికి తెల్లకాయితం పోతాండాది సార్," అన్నాడు నాయన. "అడక్కుండా ఊరికే ఎట్ల పంపేది?"

మా ఊళ్లో ఇంగ్లీషుకు ఉన్న పని అదొక్కటే. కాలువ నీళ్లకైనా, పంట ఎండిందన్నా, ఊరంతా వచ్చి నాయన చేత అర్జీ రాయించుకునేవాళ్లు. అర్జీ రాసీ రాసీ ఆయన చెయ్యి అటే పోయేది. వెన్నెల మీద రాయమన్నా చివరకు వీధిదీపం కావాలని దండాలు పెట్టి ముగించేవాడు.

సారు మాట పట్టుకుని ఆ ఏడు మమ్మల్ని బావి మెట్లమీద కూర్చోబెట్టి అభ్యాసం మొదలుపెట్టాడు. ఊరికి తాగేనీళ్లు ఆ దిగుడుబావివే. చింతపిక్కలు, అచ్చనగాయలు పక్కన పెట్టించి, "చూసింది చెప్పండి, అనుకున్నది కాదు" అనేవాడు. తడిసిన మెట్టు మీద పసుపు పాదాల గుర్తు, బిందె మునిగేటప్పుడు వచ్చే గుడగుడ, నీళ్లలో మోకాలిదాకా దిగిన ఆడవాళ్ల నవ్వులు, పాచి వాసన, గోడ సందులో పావురాలు, ఇవన్నీ మేం పోటీపడి చెబుతుంటే ఆయన ఇంగ్లీషులో గొణుక్కునేవాడు. నాకంటే అక్క బాగా చూసేది. నా బాల్యంలో నేను నిండుగా సంతోషపడిన రోజులంటూ ఉంటే అవే.

ఆ బావిలోనే నారికురుపు ఉండేది. ఎండాకాలం వస్తే ఇంటికొకరు మంచం పట్టేవాళ్లు. చీలమండ దగ్గర బొబ్బ లేచి పగిలి, అందులోంచి తెల్లని దారంలాంటి పురుగు తల బయటపెడితే, దాన్ని చీపురుపుల్లకు చుట్టి రోజుకింత లాగాలి. కురుపున్న కాళ్లు నీళ్లలో పడకుండా మెట్లు మూయించి, పైన గిలక పెట్టి చేదుకుంటే ఈ పీడ పోతుందని ఆళ్లగడ్డ డాక్టరు చెప్పినప్పటినుంచి నాయన ఎన్ని అర్జీలు పంపాడో, ఒక్కదానికీ జవాబు లేదు. ఆ ఏడు ఉగాదికి అక్క కాల్లో బొబ్బ లేచింది. చుట్టేటప్పుడు పురుగు తెగిపోయింది, కాలు మోకాలిదాకా వాచింది. అక్క అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

పరీక్షకు పోయే ముందురోజు నాయన చెంబులోంచి అరగ్లాసు నీళ్లు వంచుకుని సిరా బిళ్ల కలపబోయాడు. బావి అడుగంటిపోయి ఉంది.

"పిల్లకు తాపనీకి నీళ్లు ల్యావు, సిరా కలుపుతాండావా?" అంది అమ్మ.

నాయన అందులో సగం అక్క నోట్లో పోసి, మిగిలిన సగంలో బిళ్ల వేసి వేలితో కలిపాడు. వేలు నీలంగానే నంద్యాలకు పోయాడు.

తిరిగొచ్చినప్పుడు మాత్రం ముఖం వెలిగిపోతోంది. ఊళ్లో పదిమంది చేరే చోటు మీద పత్రికకు వ్యాసం రాయమన్నారట, బావి మీద రాశాడట, పసుపు పాదాలూ పావురాలూ అన్నీ పెట్టాడట. అక్క మంచంలో పడుకునే, "నేను చెప్పిన గుడగుడ రాసినావా నాయనా?" అని అడిగింది. "మొదట్నే రాసినామ్మా" అన్నాడు.

ఈసారి తప్పాడని కాదు, పేపరు చెల్లదని వచ్చింది. నన్ను వెంటబెట్టుకుని సారు దగ్గరికి పోయాడు. సంగతంతా విని సారు అడిగాడు.

"పేరూ ఊరూ ఏమన్నా రాస్తివా లోపల?"

"ఆఖర్న రాసినా సార్. గిలక పెట్టించమని అడిగి, ఊరు, తాలూకా, కింద నా సంతకం."

"రాస్తే పేపరు కొట్టేస్తారని తెలుసు గదప్పా."

"తెలుసు సార్. పేరు ల్యాని అర్జీ ఎవురు సూస్తారు?"

సారు కళ్లద్దాలు తీసి పంచెతో తుడుచుకున్నాడు. బస్సులో నాయన నాకు బొరుగులు కొనిచ్చాడు, తను తినలేదు.

మరుసటి ఏడు బడికి ట్రైనింగు అయిన అయ్యవారు వచ్చాడు. నాయన పెదనాయనల వెంట నాగలి పట్టాడు. ఆ తర్వాత ఎవరొచ్చి బతిమాలినా అర్జీ రాయలేదు, మాకు వ్యాసం ఆట చెప్పలేదు, సిరాబుడ్డి గూట్లోనే ఎండిపోయింది. అక్క కాలు వంగి బిగుసుకుపోయింది. తను పావురాలను చూసిన మెట్లు మళ్లీ దిగలేకపోయింది, బతికినంతకాలం గడపలో కూర్చుని నీళ్లు మోసుకొచ్చేవాళ్ల పాదాలు చూసేది. బావి గిలక లేకుండానే పూడిపోయింది. నారికురుపు కూడా దేశంలోనే లేకుండా పోయిందట, మంచిదే. నాకు మాత్రం ఆ మాట విన్నరోజు సంతోషం కలగలేదు, ఏడుపొచ్చింది.

మనవరాలికి ఇందులో పిసరంత చెప్పాను. అది చకచకా రాసుకుని, "ఊరు పేరేందవ్వా?" అంది. చెప్పాను. చక్కగా గుండ్రని అక్షరాలతో రాసింది. పక్కన గైడులో ఏదో చూసి నాలుక కరుచుకుంది.

"నిజం పేర్లు రాయకూడదంటవ్వా, మార్కులు పోతాయంట" అని, మా ఊరి పేరు మీద అడ్డంగా గీత కొట్టింది.