మార్షల్ గారు నన్ను బయటికి మోసిన రోజు

మా మాదాపూర్ వీధిలో అందరూ మార్షల్ గారని పిలుచుకునే పెద్దాయన సోమవారం తెల్లవారుజామున పోయారు. గుండెలో నొప్పి అన్నారట, దవాఖానకు ఆటో పిలిచేలోపే అంతా అయిపోయింది. పాల ప్యాకెట్లు వేసే అతను ఆ కబురు చెబితే చెప్పులైనా వేసుకోకుండా వాళ్లింటికి వెళ్లాను.

ఆయన శాసనసభలో మార్షల్‌గా చేసి రిటైరయ్యారు. సభ్యులు పోడియం చుట్టుముట్టి బిల్లు చదవనివ్వకపోతే, సస్పెండ్ అయ్యాక కూడా కదలమని మొండికేస్తే, వాళ్లను ఎత్తి బయటికి చేర్చడం ఆయన పని. ఎత్తేముందు చేతి గడియారం తీసి జేబులో వేసుకునేవారట, ఎవరికీ గీసుకోకూడదని. "ఎవలు మంచోళ్లు, ఎవలు చెడ్డోళ్లని నేనెన్నడు చూడలే బిడ్డా. సభ ఆగొద్దు, మాట గూడ ఆగొద్దు. గా రెండిటి నడుమ నా కొలువు" అనేవారు. వార్తల్లో సభ వాయిదా పడిందని వింటే రేడియో కట్టేసేవారు. ఆ పూట అన్నం కూడా సరిగా తినేవారు కాదని వాళ్లావిడ చెప్పేవారు.

ఆ కొలువు ఎలాంటిదో మా కాలనీ మీటింగులో తెలిసింది. చుట్టూ కొండరాళ్లు పేల్చి ఆఫీసులు కడుతున్న రోజులవి. కిరాయి ఇళ్లవాళ్లకు వీధి చివరి బోరే దిక్కు. ఆ బోరున్న జాగాను ఒక బిల్డరుకు ఇచ్చేద్దామని కాలనీ సంఘం తీర్మానం తెచ్చింది. ఓటైనా మాటైనా సొంత ఇళ్లవాళ్లదే. కిరాయి ఇంట్లో ఉండే నేను వెళ్లి అధ్యక్షుడి బల్లకు అడ్డంగా నిలబడ్డాను.

"ముందు మా మాట వినండి. అంతదాకా తీర్మానం చదవనివ్వనండి" అన్నాను. ఒకటే గోల. చివరికి అధ్యక్షుడికి తిక్క రేగింది.

"మార్షల్ సాబ్, జర ఈయనను బయటికి పంపుండ్రి."

ఆయన లేచి గడియారం తీయడం చూసి నా ప్రాణం ఉసూరుమంది. నా పక్షాన నిలుస్తారనుకున్నాను మరి! చంటిపిల్లాణ్ణి ఎత్తినట్టు ఎత్తి గేటు బయట దించారు. అవమానంతో ఏడుపొచ్చింది.

"మీరు కూడానా అండీ?"

ఆయన నా చొక్కా సర్దారు. "అధ్యక్షుడు చెప్పిండు, తీసుకొచ్చిన. అడ్డంబడ్డోడు బయటికి పోవుడే. గంతమాత్రాన మాట అయిపోతదా? ఈడనే ఉండు" అని మళ్లీ లోపలికి వెళ్లారు. కాసేపటికి గోడ అవతల నుంచి ఆయన గొంతు వినబడింది.

"అధ్యక్షా! నేను సొంతింటోన్ని, నాకు మాట్లాడే హక్కుంది. ఆయన అడగాలనుకున్నది నేనడుగుత. బోరు పోతే గా కిరాయి ఇండ్లోళ్లు నీళ్లు ఏడికెళ్లి తెచ్చుకోవాలె? జవాబు చెప్పినంకనే ఓటు పెట్టుండ్రి."

ఓటు పెడితే సొంత ఇళ్లవాళ్లే ఎక్కువమంది వద్దన్నారు. తీర్మానం వీగిపోయింది. నేను గేటు పట్టుకుని, ఈసారి వేరే ఏడుపు ఏడ్చాను. అంత మంచి మనిషిని మళ్లీ చూస్తానని అనుకోను.

ఆ సోమవారం సాయంత్రం ఆయన పాడెకు ముందు భాగాన ఒకవైపు అధ్యక్షుడు, ఇంకోవైపు నేను భుజం పట్టాం. బోరు దగ్గర బిందెల వరుస చాలా దూరం ఉంది. మమ్మల్ని చూడగానే ఒకావిడ సగం నిండిన బిందె మీద నల్లా కట్టేసి, కొంగు తల మీదికి లాక్కుంది. మేము మలుపు తిరిగేదాకా ఎవరూ నల్లా విప్పలేదు. తర్వాత వెనకనుంచి, బిందెలో నీళ్లు పడుతున్న చప్పుడు వినబడింది.