తడి ఆరని చుక్కలు

చింతామణి ఊరి ఎండకు నా మీద కోపమేమీ లేదు. నా ప్రోటీన్ల మీదే.

పట్టుపురుగులకు పెబ్రిన్ రోగం సోకిందో లేదో చెప్పే చిప్ ఒకటి కాలేజీ ల్యాబులో చేస్తున్నాను. పని వినడానికి సులువు. రోగక్రిమిని పట్టుకునే యాంటీబాడీ అనే ప్రోటీన్‌ను, రసాయనం పూసిన గాజు పలక మీద ఆవగింజంత చుక్కలుగా పెట్టాలి. అది గాజుకు సరిగా అతుక్కునేదాకా, అంటే కొన్ని గంటలు, చుక్క తడి ఆరకూడదు. నా చుక్కలు నేను టీ తాగి వచ్చేలోపే ఆరిపోయేవి. ఆరిన ప్రోటీన్ అతుక్కునే ఉంటుంది, పని మాత్రం చెయ్యదు. ఆఫీసుల్లో అట్లాంటివాళ్లను చూసి ఉన్నాను గనుక ఆశ్చర్యపోలేదు.

నాలుగు పలకలు పోయాయి. సీసాలో ఇంకొక్క పలకకు సరిపడా యాంటీబాడీ మిగిలింది. అదీ పోతే ప్రాజెక్టు ముగిసినట్టేనని మా గైడు మర్యాదగానే చెప్పారు.

నేనుండేది ఊరి బయట, పట్టుపురుగులు పెంచే పెద్దమ్మ ఇంట్లో. కంచం ముందు నా మొహం చూసి సంగతి అడిగింది. చెప్పాను.

"ఎండిపోతాండాయా? తట్ట చుట్టూ తడి ఫోమ్ పెట్టలేదా?"

"తట్ట యాడుండాది పెద్దమ్మా? అది గాజు."

"గాజైతే ఏమి? పసిపురుగులకు మేం చేసేది అదే గదా. చుట్టూ తడి, పైన మైనం కాగితం. ఇన్నేండ్లు చదివినావు, ఈ ఇంట్లోనే తింటాండావు, ఒక్కసారన్నా ఆ పురుగుల గదిలోకి తొంగి చూసినావా?"

చూడలేదు.

పొద్దున్నే ఆమె సరంజామా సంచిలో వేసుకుని నాతోపాటు బస్సెక్కింది. ఆఖరి చుక్కలు నేను పెట్టాను. ఆమె ఫోమ్ పట్టీలు తడిపి, పిండి, డబ్బాలో పలక చుట్టూ అమర్చి, కాగితం కప్పింది.

"ఇవి ఏం తింటాయప్పా?"

"ఏమీ తినవు."

"అట్లాంటి పురుగులే మాకూ ఇప్పించు."

సాయంత్రం కాగితం ఎత్తితే చుక్కలు తడితడిగా మెరుస్తున్నాయి. పలక కడిగి, ఎడమ సగం మీద రోగమున్న పురుగుల రసం, కుడి సగం మీద పెద్దమ్మ ఇంటినుంచి తెచ్చిన పురుగుల రసం వేశాను. చివరగా రంగు మందు. ఎడమవైపు చుక్కలు ఒక్కొక్కటే నీలంగా తేలాయి. నేను లేచి నిలబడ్డ సంగతి కుర్చీ కిందపడ్డాక తెలిసింది.

పెద్దమ్మ కుడివైపే చూస్తోంది.

"మావాటికి ఒక్కటీ రాలేదే?"

"రాకూడదు పెద్దమ్మా. మీవాటికి రోగం లేదు."

"అది నాకు తెలుసులేప్పా. నీ గాజుకు తెలుసా అని చూస్తాండా."