కుళాయి తిప్పగానే

నీళ్ల పరీక్షశాలలో ఆవిడని పేరుపెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ "రెండు నిమిషాల మేడమ్". నమూనా తెచ్చినవాళ్లని ఆవిడ అడిగే మొదటి మాట, "కుళాయి రెండు నిమిషాలు వదిలి పట్టారా?" నీళ్లు నమిలితే ఆ బాటిల్ సింకులోకే. పద్దెనిమిదేళ్లలో ఈ ఒక్క విషయంలో ఎవరి మొహమాటానికీ లొంగలేదు.

ఆ ఉద్యోగం చేస్తూనే ఆరేళ్లుగా పీహెచ్‌డీ. పాత ఇళ్ల గొట్టాల్లోంచి సీసం తాగేనీళ్లలోకి దిగుతోందా అన్నది ప్రశ్న. ఆఫీసుకొచ్చిన పన్నెండు వందల నమూనాలు చూసి, దిగడం లేదని తేల్చింది. ఐదు అధ్యాయాలూ రాసేసింది. చివరి గడువు ఇంకా పదకొండు వారాలు. అది దాటితే ఆరేళ్లూ గంగపాలే.

శనివారం సాయంత్రం మాత్రం కాగితం ముట్టదు. గంటసేపు అత్తగారితో పేకాట. మధ్యలో థీసిస్ మాటెత్తితే ఒక ఆట ఓడినట్టే. షరతు అత్తగారిదే.

ఆ శనివారం ఇద్దరూ ఆడపడుచు ఇంటికి వెళ్లి, సాయంత్రానికి తిరిగొచ్చి తాళం తీశారు. కోడలు ముక్కలు పంచుతోంది. అత్తగారు కుళాయి తిప్పి, గ్లాసు నింపి, గటగటా తాగేసింది.

"అదేంటత్తయ్యా, కాసేపైనా వదలకుండా?"

"దాహమేస్తుంటే గడియారం చూస్తూ నిలబడమంటావా? నువ్వు మాత్రం ఇంట్లో ఏనాడైనా వదిలి తాగావా?"

తాగలేదు. కోడలి చేతిలో ముక్క చేతిలోనే ఉండిపోయింది. ఆఫీసు నియమం వీధి పైపులో నీళ్లెలా ఉన్నాయో తెలుసుకోవడానికి. ఇంటి గొట్టంలో పగలంతా నిలవున్న నీళ్లు ఆ రెండు నిమిషాల్లో పారిపోతాయి. మనుషులు తాగేది ఆ నీళ్లే. తను పరీక్షించింది ఎవరూ తాగని నీళ్లు.

"థీసిస్ తప్పత్తయ్యా."

"ఒక ఆట పోయింది," అని, కోడలి మొహం చూసి అత్తగారు ముక్కలు కింద పెట్టేసింది.

ఆదివారమంతా మనసు ఒక్కటే గొణిగింది. ఎవరూ కనిపెట్టలేదు, ఇచ్చేస్తే పోలా? సోమవారం సగం రోజు సెలవు పెట్టి గైడు దగ్గరికి వెళ్లింది.

ఆయన అంతా విని కళ్లజోడు తీశాడు. "ఇది ఎవరైనా అడిగారా?"

"లేదు సార్. కానీ నాకు తెలిసిపోయింది. నలభై ఇళ్లు చాలు. పొద్దున మొదటి గ్లాసూ, రెండు నిమిషాల తర్వాతి గ్లాసూ పక్కపక్కన పెట్టి చూస్తాను."

"గడువు నా చేతుల్లో లేదమ్మా." కళ్లజోడు మళ్లీ పెట్టుకుని నవ్వాడు. "పాత నమూనాల లెక్కలు మాత్రం పారేయకండి. సగం జవాబు వాటిలోనే ఉంది. ఆరేళ్లకి మీ ప్రశ్న మీకు దొరికింది."

ఇళ్ల సంగతి అత్తగారు నెత్తినేసుకుంది. నడకకి వచ్చే స్నేహితురాళ్లకి వరసగా ఫోన్లు. "మా కోడలొచ్చేదాకా కుళాయి మీద చెయ్యి వేశారో, నాతో మాటల్లేవు!" రెండు రోజుల్లో ముప్ఫై తొమ్మిది ఇళ్లు కుదిరాయి.

నలభయ్యోది తమదే. మొదలుపెట్టింది అక్కడే. తెల్లవారి లేచేసరికి అత్తగారు కుళాయి ముందు స్టూలేసుకుని కాపలా. పక్కన ఆవిడ కొడుకు, నోట్లో బ్రష్షు.

"అమ్మా, మొహమైనా కడుక్కోనీయవా?"

"రెండు నిమిషాలాగరా."

కోడలు బాటిల్ మూత తీసి కుళాయి కింద పెట్టింది. అలవాటుకొద్దీ చూపు గడియారం మీదికి పోయింది. దాన్ని వెనక్కి తెచ్చుకుని, కుళాయి తిప్పింది.