అమ్మ చెప్పుకున్నది ఆవిడకే

మా ఎదురింటి అత్తయ్య పోయిందని పొద్దున్నే తమ్ముడు ఊరి నుంచి ఫోన్ చేశాడు. నిన్న సాయంత్రం కల్లంలో మిరపకాయలు తిరగేసి వచ్చి, కాళ్లు కడుక్కుని, వసారాలో మంచమ్మీద నడుం వాల్చిందట. మళ్లీ లేవలేదు. ఆవిడ మాకు చుట్టమేమీ కాదు. వీధికి అవతలి ఇల్లు, అంతే. అమ్మా ఆవిడా ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవాళ్లు. మంగళగిరిలో మా ఇంట్లో ఇడ్లీ తింటున్న అమ్మకు ఈ మాట నేనే చెప్పాల్సి వచ్చింది. నిజం చెబుతున్నాను, నాకు ముందు దుఃఖం రాలేదు, అసూయ వచ్చింది. ఇది విని అమ్మ ఎంత ఏడుస్తుందో, రేపు నేను పోతే అంత ఏడుస్తుందా అనిపించింది. పోయిన మనిషి మీద కుళ్లేమిటని మీరనుకోవచ్చు. ఎందుకో చెబితేగాని ఆవిడెవరో మీకు తెలియదు.

అత్తయ్య బొడ్లో చిన్న టార్చిలైటు దోపుకుని తిరిగేది, పట్టపగలు కూడా. ఎవరింటికి వెళ్లినా గడపలో నిలబడి పలకరించి పోయే రకం కాదు. టీ ఇచ్చినా ఇవ్వకపోయినా లోపలికొచ్చి కూర్చునేది. పనీపాటా లేదా ఈవిడకని నేను విసుక్కునేదాన్ని. "మనిషి వచ్చిపోతా ఉంటే ముసలాళ్ల జోలికి ఎవరూ పోరే అమ్మాయ్" అనేది.

నాన్న పోయాక అమ్మ తమ్ముడి దగ్గర ఉండేది. ఆమె చేతులు వణకడం మొదలైనప్పటి నుంచి వాడే పక్కన కూర్చుని స్పూనుతో తినిపించేవాడు. కన్నతల్లికి తనే ముద్ద పెట్టే కొడుకని ఊరంతా వాణ్ణి మెచ్చుకుంది. అప్పుడు నాకు వాడి మీద కూడా కుళ్లే. ఫోన్ చేస్తే అమ్మ ఒకటే మాట అనేది: "బాగానే ఉన్నానమ్మా. తమ్ముడు చూసుకుంటున్నాడు."

పండుమిరప పచ్చడి రుబ్బే రోజుల్లో మా వీధి ఆడవాళ్లందరూ తమ తమ రోళ్ల నుంచి తలా కాస్త తెచ్చి అమ్మ నాలుక మీద పెట్టేవాళ్లు. ఉప్పు చాలిందో లేదో ఆమె చెప్పాకే జాడీకెత్తడం. రెండేళ్ల కిందట అలాగే తెచ్చి పెడితే అమ్మకు కళ్ల వెంట నీళ్లు కారిపోయాయి. పెద్దతనం వచ్చేసింది, కారం తట్టుకోలేకపోతోందని అందరూ నవ్వారు. ఎవరో మజ్జిగ ఇచ్చారు. అత్తయ్య మాత్రం నవ్వలేదు. ఏదో పని చెప్పి అందరినీ బయటికి పంపేసి, అమ్మ పక్కన కూర్చుందట.

"పుట్టినకాడి నుంచి కారం తిన్న నోరు నీది వదినా. ఇయ్యాల ఎందుకు మండింది? ఏదీ, ఆ అను."

టార్చి వేసి చూసింది. పెదవి లోపలంతా చీరుకుపోయి ఉంది. చిగుళ్లు కమిలిపోయి ఉన్నాయి. స్పూను బలవంతంగా కుక్కిన గాయాలు.

"వాడి తప్పేం లేదు వదినా, నేనే గబుక్కున మింగలేకపోతన్నా" అందట అమ్మ.

అత్తయ్య వెంటనే నాకు ఫోన్ చేసింది. "ఇయ్యాలే బయల్దేరి రా అమ్మాయ్. వాడికి ఫోన్ చేసి అరవమాక. నువ్వు అరిచి పెట్టేస్తావు, రేపు పొద్దున గిన్నె పట్టుకునేది వాడేగా."

"నాతో రోజూ బాగానే ఉన్నానంటుందే అత్తయ్యా?"

"వాడు పక్కనుంటే ఇంకేమంటదే?"

నేను వెళ్లేసరికి ఆవిడ తమ్ముణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని ఉంది. వాడు ముందు కోపం చేశాడు, తర్వాత ఏడ్చాడు. "కోత కూలీలు చేలో కాచుక్కూర్చుంటారు. ఈమేమో ముద్ద పెడితే బుగ్గన పెట్టుకుంటది. నేనేం చేసేది అత్తయ్యా?"

"గిన్నె కిందబెట్టి నన్ను కేకెయ్యరా. వీధవతలేగా ఉండా. ఇదే పని కూలికొచ్చిన మనిషి చేస్తే నువ్వు ఊరుకునేవాడివా?"

మర్నాడు అత్తయ్యా నేనూ అమ్మను గుంటూరు తీసుకెళ్తే, మింగడమే కష్టమవుతోంది, మెత్తగా చేసి నిదానంగా పెట్టమన్నారు డాక్టరుగారు. అక్కడ అమ్మ పట్టుకున్నది నా చెయ్యి కాదు, ఆవిడ చెయ్యి. అది చూసి నాకు ఒళ్లు మండింది. కన్నకూతురు పక్కనుండగా ఎదురింటావిడ చెయ్యా!

అమ్మను నాతో తెచ్చుకున్నాను. ఇక్కడైనా నాతో చెప్పుకుంటుందనుకున్నాను. ఎలా ఉందమ్మా అంటే అదే మాట, అదే గొంతుతో, "బాగానే ఉన్నానమ్మా." అత్తయ్య మాత్రం రోజూ సాయంత్రం ఫోన్ చేసేది. ముందు నాతో మాట్లాడి, "ఇక అమ్మకిచ్చి నువ్వు అవతలికి పో" అనేది. ఒకసారి ఉండబట్టలేక, నన్నూ అనుమానిస్తున్నారా అని అడిగేశాను.

"కూతురివైతే మాత్రం? అడిగే మనిషి ఒకరుండాల" అంది, ఏమాత్రం మొహమాటం లేకుండా. వంటింట్లోకి పోయి గిన్నెలు తోముతూ, మూసిన తలుపు అవతల అమ్మ నవ్వడం వినేదాన్ని. నా తల్లిని కాపాడిన మనిషి ఆవిడ. ఆ రుణం తీరేది కాదని తెలుసు. తెలిసీ ఆ నవ్వు వినపడితే కుళ్లిపోయేదాన్ని.

ఇవాళ విషయం చెప్పాక అమ్మ ఇడ్లీ వదిలేసి చాలాసేపు ఏడ్చింది. మధ్యాహ్నం మెత్తగా కలిపిన అన్నం తెచ్చి పక్కన కూర్చున్నాను. రెండు ముద్దలు తిని చాలంది. ఏమ్మా, బాగాలేదా అన్నాను. ఏ మాట వస్తుందో నాకు తెలుసు. అది రాలేదు.

"ఈ పక్క దవడ నొప్పెడతందే. సాయంత్రం వదినకి చెబుదామనుకున్నా" అంది.

ఆ మాట అని, తనే మెల్లగా నోరు తెరిచింది. గిన్నె కింద పెట్టి వంగి చూశాను. ఏమీ కనపడలేదు.

"అట్టా కనపడదు. వదినైతే టార్చి వేసి చూసేది" అంది.

నాకు మళ్లీ కుళ్లు పుట్టింది. లేచి వెళ్లి టార్చి తెచ్చాను. వచ్చేసరికి అమ్మ నా కోసం నోరు తెరుచుకునే కూర్చుని ఉంది.